బెర్లిన్ 1919–33: రాత్రి షికారు ఒక టూరు, రాజకీయం ఇంకో టూరు. రెండూ కలిపి చూపించేవి లేవా?

ఓరుగల్లు_కోట
అక్టోబరులో బెర్లిన్‌లో 4 రోజులుంటాం. రెండు ప్రపంచ యుద్ధాల మధ్య బెర్లిన్ ఎలా ఉండేదో చూడాలని ప్లాను. వెతుకుతుంటే రెండు రకాలే తగులుతున్నాయి. ఒకటి ఈకల టోపీ, ముత్యాల దండ, షాంపేన్ గ్లాసు బొమ్మ వేసి "స్వర్ణ ఇరవైలు" అనేవి. రెండోది నేరుగా హిట్లర్ బంకర్ దగ్గర మొదలుపెట్టి బెర్లిన్ గోడ దగ్గర ముగించేవి. మధ్యలో వైమర్ రిపబ్లిక్ అని ఒకటి 14 ఏళ్లు బతికింది కదా, దాని సంగతేంటి? క్యాబరేలో పాట విని బయటికొచ్చినవాడికి వీధిలో ఏం కనపడేదో, అది చెప్పే గైడు కావాలి. ఇంగ్లీషులో అయితే చాలు. బాగానే నడుస్తాం. టూరు ఎలా ఎంచుకోవాలి, ఏ పేటలో తిరగాలి?

స్ప్రే_ఒడ్డు
ముందు ఒక పరీక్ష చెప్తా, టూరు బుక్ చేసేముందు వివరణలో వెతకండి: ఏ సంవత్సరం గురించి మాట్లాడుతున్నారో రాశారా? "ఇరవైల బెర్లిన్" అని ఒకే ముద్దగా చెప్పేవాళ్లని వదిలేయండి. అక్కడ మూడు కాలాలున్నాయి, మూడింటి రాత్రులూ వేరు.

1919–23: యుద్ధంలో ఓడిన దేశం. 1918 నవంబరు విప్లవంతో సెన్సారు పోయింది, ఆడవాళ్లకి ఓటొచ్చింది. వీధుల్లో మాత్రం తుపాకులు. 1919 జనవరి 15న కమ్యూనిస్టు నాయకులు రోజా లక్సెంబర్గ్‌ని, కార్ల్ లీబ్‌నెష్ట్‌ని చంపారు. 1920 మార్చిలో మితవాదుల కాప్ తిరుగుబాటు, 1922 జూన్ 24న విదేశాంగ మంత్రి రాతెనావ్ హత్య. 1923 నవంబరుకి డాలరు 4.2 లక్షల కోట్ల మార్కులు. చేతిలో నాలుగు డాలర్లున్న విదేశీయుడు మహారాజు, పెన్షను మీద బతికే ముసలమ్మ బిచ్చగత్తె. ఆనాటి రాత్రి జీవితంలో ఉన్న తెగింపుకి కారణం ఇది. జీతం తెల్లారేసరికి చిత్తుకాగితం అవుతుంటే ఎవరు దాచుకుంటారు?

1924–29: కొత్త మార్కు, అమెరికా అప్పులు, పెద్ద రెవ్యూలు (ఆటపాటల ప్రదర్శనలు), సినిమా హాళ్లు. బంగారం అన్నది ఈ అయిదేళ్లకే వర్తిస్తుంది.

1930–33: మాంద్యం. 1932 మొదట్లో దేశం మొత్తం మీద 60 లక్షలకు పైగా నిరుద్యోగులు. నాజీలకి 1928లో 2.6 శాతం ఓట్లు, 1930 సెప్టెంబరులో 18.3, 1932 జులైలో 37.3. జనం డాన్సు హాళ్లకి వెళ్తూనే ఉన్నారు, హాలు బయట కొట్లాటలు మాత్రం పెరిగాయి.

ఈ మూడూ విడదీసి చెప్పే గైడు దొరికితే ఈకల టోపీ పెట్టుకున్నా పర్లేదు.

బుల్లిపిట్ట
టోపీ పెట్టుకున్న గైడు గుంపులో ఈజీగా కనపడతాడు కూడా 😄

స్ప్రే_ఒడ్డు
పేట సంగతి. మీకు కావాల్సింది షోనెబెర్గ్, నోలెండోర్ఫ్‌ప్లాట్స్ చుట్టుపక్కల. మెట్రో లైన్లు యూ1, యూ2, యూ3, యూ4 నాలుగూ ఆగుతాయి. స్టేషన్ బయటికి రాగానే మెట్రోపోల్ అనే పాత థియేటరు భవనం, 1906ది. మీరడిగినదంతా ఆ ఒక్క భవనంలో ఉంది. 1927లో దర్శకుడు పిస్కాటర్ తన వామపక్ష నాటకశాల ఇక్కడే పెట్టాడు. స్టేజీ మీదే సినిమా తెరలు, కదిలే వేదికలు, ఆ రోజుల్లో ఎవరూ చూడని హంగులు. ఇదే భవనంలో మోత్సార్ట్‌సాల్ అనే సినిమా హాలుండేది. 1930 డిసెంబరు 5న రెమార్క్ యుద్ధ నవలని హాలీవుడ్ వాళ్లు తీసిన సినిమా "ఆల్ క్వైట్ ఆన్ ది వెస్టర్న్ ఫ్రంట్" ఆడుతుంటే బెర్లిన్ నాజీల నాయకుడు గోబెల్స్ మనుషులు దుర్వాసన బాంబులు వేసి తెల్ల ఎలుకల్ని వదిలారు. అల్లరి ఆపలేదు. వారం తిరక్కుండా, డిసెంబరు 11న, సెన్సారు బోర్డు సినిమానే నిషేధించింది. గూండాయిజం చేస్తే ప్రభుత్వం దిగొస్తుందని నాజీలకి అర్థమైంది అక్కడే.

గైడు ఈ భవనం ముందు ఆగకుండా నేరుగా బార్ల వైపు తీసుకెళ్తే మీరే ఆపి అడగండి.

పాతపటం
పై పోస్టుకి నా చేర్పు. సొంతంగా తిరగాలనుకునేవాళ్లు ఎక్కువగా బోల్తాపడేది అడ్రసుల దగ్గర. పాత పుస్తకాల్లోని నంబరు ఇప్పటి మ్యాపులో కొడితే తప్పు ఇంటి ముందు నిలబడతారు. కారణాలు మూడు.

వీధుల పేర్లు మారాయి. కమ్యూనిస్టుల ఆఫీసున్న ఆనాటి బూలోప్లాట్స్ ఇప్పుడు రోజా-లక్సెంబర్గ్-ప్లాట్స్, మధ్యలో నాజీలు తమ కార్యకర్త హోర్స్ట్ వెసెల్ పేరు పెట్టారు. తూర్పు యూరప్ యూదులుండే గ్రెనడియర్‌స్ట్రాసే ఇప్పుడు ఆల్మ్‌స్టాట్‌స్ట్రాసే.

నంబర్లు మారాయి. మగజంటలు, ఆడవేషగాళ్లు వచ్చే ఎల్డొరాడో క్లబ్బు అప్పట్లో మోట్స్‌స్ట్రాసే 15, ఇప్పుడు అదే ఇల్లు 24.

ఇక గుర్రపులాడం నంబర్లు. బెర్లిన్ పాత వీధుల్లో సరి-బేసి లెక్క ఉండదు. ఒక వైపు 1, 2, 3 అంటూ చివరిదాకా పోయి, రెండో వైపు వెనక్కి తిరిగొస్తాయి. ఫ్రీడ్రిష్‌స్ట్రాసేలో చెక్‌పాయింట్ చార్లీ దగ్గర ఒక వైపు 43 ఉంటే ఎదురుగా 200 దాటిన నంబర్లు. కుర్‌ఫుర్‌స్టెన్‌డామ్ అయితే 11తో మొదలవుతుంది, ఎందుకంటే 1 నుంచి 10 దాకా ఉన్న ముక్కకి 1925లో బుడాపెస్టర్ స్ట్రాసే అని పేరు పెట్టేశారు. మూలమలుపులో వీధి బోర్డు కింద ఆ బ్లాకు నంబర్లు ఎక్కణ్నుంచి ఎక్కడికో రాసుంటుంది, అది చూసి నడవండి.

పాత అడ్రసు సరిచూసుకోవాలంటే బెర్లిన్ అడ్రసు పుస్తకాలు 1943 దాకా స్కాన్ చేసి నగర లైబ్రరీ సైటులో ఉచితంగా పెట్టారు. వీధుల వారీ భాగం తీసి, ఆ ఇంటికి రెండు పక్కలా ఏ అడ్డవీధులు రాసున్నాయో చూడండి. అడ్డవీధి చెప్పినంత నిజం నంబరు చెప్పదు.

ఓరుగల్లు_కోట
పాతపటం గారూ, ఈ గుర్రపులాడం ముచ్చట తెలియకపోతే ఫ్రీడ్రిష్‌స్ట్రాసే అంతా రెండుసార్లు కొలిచేవాళ్లం. థాంక్స్.
ఎల్డొరాడో ఇప్పుడు ఎలా ఉంది? హిట్లర్ వచ్చాక మూయించాడు అని ప్రతి చోటా రాస్తున్నారు.

పాతపటం
చాలాకాలం ఆ కింది అంతస్తులో సేంద్రియ సరుకుల దుకాణం నడిచింది. లోపల చూసేదేం లేదు. బయట నిలబడి పాత ఫొటో పక్కన పెట్టి చూసుకోవాలి.

"హిట్లర్ వచ్చాక" అన్నది మాత్రం సగమే నిజం. వరస ఇదీ:
1932 జులై 20న ఛాన్సలర్ పాపెన్, సోషల్ డెమోక్రాట్ల చేతిలో ఉన్న ప్రష్యా రాష్ట్ర ప్రభుత్వాన్ని (బెర్లిన్ పోలీసులు దాని కిందే) పీకేశాడు. పోలీసు శాఖ పైవాళ్లని మార్చాడు. అదే ఏడు అక్టోబరులో కొత్త పోలీసు కమిషనరు మెల్షెర్, మగవాళ్లు మగవాళ్లతో, ఆడవాళ్లు ఆడవాళ్లతో చేసే డాన్సులన్నీ ఆపించాడు. ఏడాది చివరికల్లా ఎల్డొరాడో మూతపడింది. హిట్లర్ ఛాన్సలర్ అయింది 1933 జనవరి 30న. ఆ భవనం మీద స్వస్తిక పోస్టర్లున్న ప్రసిద్ధ ఫొటో 1933 మార్చి 5 ఎన్నికల నాటిది, పైన "ఇదే సరైన చోటు" అన్న క్లబ్బు పాత బోర్డు అలాగే ఉంటుంది.

అంటే తలుపులు మూయడం మొదలుపెట్టింది నాజీలు కాదు, పాత తరం మితవాదులు. రిపబ్లిక్ ఎలా చచ్చిపోయిందో చెప్పడానికి ఇంతకంటే మంచి చోటు ఊళ్లో లేదు. ఇది చెప్పని టూరు డబ్బు దండగ.

బెజవాడ_బస్సు
అందరూ షోనెబెర్గ్ షోనెబెర్గ్ అంటున్నారు, నేను ఒప్పుకోను. ఇషర్‌వుడ్ అనే ఇంగ్లీషు రచయిత నోలెండోర్ఫ్‌స్ట్రాసే 17లో 1930 డిసెంబరు నుంచి అద్దెకున్నాడు కాబట్టి ఇంగ్లీషు టూర్లన్నీ అక్కడే చక్కర్లు కొడతాయి. అది పౌండ్లు మార్చుకుని బతికిన విదేశీయుడి బెర్లిన్. 40 లక్షల జనంలో ఎంతమంది ఎల్డొరాడో గుమ్మం తొక్కారు? వెడ్డింగ్‌లో, నాయ్‌కోల్న్‌లో ఒక గదిలో ఆరుగురు పడుకున్న ఇళ్లు ఎవడు చూపిస్తాడు? 1929 మే 1న ఊరేగింపు నిషేధించి, పోలీసులు మూడు రోజులు కాల్పులు జరిపితే 30 మందికి పైగా మామూలు జనం చచ్చిపోయారు. అప్పటి పోలీసు కమిషనరు సోషల్ డెమోక్రాట్, కాల్పుల్లో పోయినవాళ్లలో ఎక్కువమంది కార్మిక పేటల వాళ్లు. కమ్యూనిస్టులు, సోషల్ డెమోక్రాట్లు హిట్లర్ ముందు ఎందుకు చేతులు కలపలేదో తెలియాలంటే అక్కడికి పోవాలి.

స్ప్రే_ఒడ్డు
బస్సు గారూ, చరిత్ర మాటకి నూటికి నూరు పాళ్లు ఒప్పుకుంటా. కానీ ఈవిడకి ఉన్నది నాలుగు రోజులు. ఆ కాల్పులు జరిగిన వెడ్డింగ్ వీధి కోస్లినర్ స్ట్రాసే మొత్తం యుద్ధం తర్వాత కొత్తగా కట్టిందే. స్మారక రాయి ఒకటుంది, పాంకె వాగు మీద వంతెన దగ్గర. యూ8లో పాంక్‌స్ట్రాసే దిగి కొంచెం నడవాలి. గైడు లేకుండా వెళ్తే రాయి చూసి వచ్చేస్తారు.

బెజవాడ_బస్సు
రాయి చూసి రావడమే కదా ఎల్డొరాడో దగ్గర కూడా చేసేది, గోడ చూసి రావడం.

మూకీ_మోజు
ఇద్దరికీ మధ్యేమార్గం: రోజా-లక్సెంబర్గ్-ప్లాట్స్. యూ2లో దిగితే చాలు. మూడు భవనాలు ఒకదానికొకటి కనపడేంత దూరంలో ఉన్నాయి.

ఫోక్స్‌బూనె: కార్మికులు చందాలేసుకుని కట్టించుకున్న నాటకశాల, 1914. పిస్కాటర్ నోలెండోర్ఫ్‌ప్లాట్స్‌కి వెళ్లేముందు ఇక్కడే పనిచేశాడు.
కార్ల్-లీబ్‌నెష్ట్-హౌస్: 1926 నుంచి కమ్యూనిస్టు పార్టీ కేంద్ర కార్యాలయం.
బాబిలోన్ సినిమా: హన్స్ పోల్జిష్ కట్టింది, 1929 ఏప్రిల్ 11న తెరిచారు. మూకీ సినిమాలకి వాయించే ఆర్గన్ అప్పటిదే, ఇంకా పలుకుతుంది.

1931 ఆగస్టు 9న ఈ హాలు ముందే ఆన్‌లౌఫ్, లెంక్ అనే ఇద్దరు పోలీసు అధికారుల్ని వెనక నుంచి కాల్చి చంపారు. కాల్చినవాళ్లలో ఒకడు ఎరిష్ మీల్కె. మాస్కో పారిపోయి, తర్వాత తూర్పు జర్మనీ రహస్య పోలీసు శాఖ స్టాసీకి 1957 నుంచి 1989 దాకా అధిపతిగా ఉన్నాడు. ఆ హత్యలకి శిక్షపడింది 1993లో. 62 ఏళ్లు పట్టింది.

నా సలహా: సాయంత్రం 4కి ఈ చౌకు టూరు, రాత్రి అదే హాల్లో ఆర్గన్‌తో మూకీ సినిమా. టికెట్ ముందే కొనండి. ఆర్గన్ వాయించేవాళ్ల చేతులు కనపడే వైపు సీటు అడగండి.

పాతపటం
మూకీ గారూ, ఆర్గన్ ఏ పక్కో అక్కడికి వెళ్లాక చూసి కూర్చోమనండి. సీటు నంబర్లు లేని ప్రదర్శనలు కూడా ఉంటాయి. పావుగంట ముందు వెళ్తే ఎక్కడ కావాలంటే అక్కడ.

మూకీ_మోజు
సరే, అది మంచి మాట.

రైలుగేటు
"బాబిలోన్ బెర్లిన్" టీవీ సీరియల్లో చూపించిన మోకా ఎఫ్టి డాన్సు హాలు చూడొచ్చా? దాని పేరుతో టూరు కూడా ఉంది.

మూకీ_మోజు
రెండు వేరు వేరు సంగతులు. అసలు మోకా ఎఫ్టి ఫ్రీడ్రిష్‌స్ట్రాసే, లైప్సిగర్ స్ట్రాసే మూలలో ఉన్న పెద్ద కాఫీ హౌసు. వీధిలోంచి పై అంతస్తుకి కదిలే మెట్లుండేవి, జనం వాటికోసమే వచ్చేవారు. సీరియల్లోలా నేల కింద పాపాల గుహ కాదు. బాంబుల్లో పోయింది, ఆ మూలలో ఇప్పుడు దాని ఆనవాలేం లేదు.

సీరియల్ హాలు తీసింది వైసెన్‌సే వైపున్న డెల్ఫి థియేటర్లో. అది 1929లో తెరిచిన మూకీ సినిమా హాలు, యుద్ధంలో కూలిపోకుండా మిగిలిన అరుదైన వాటిలో ఒకటి. పక్కన చౌకు పేరే కలిగారిప్లాట్స్, ప్రసిద్ధ మూకీ సినిమా కలిగారి పేరు మీద! ట్రామ్ ఎం2 ఎక్కండి. ఇబ్బంది ఏంటంటే కార్యక్రమం ఉన్న రోజే తలుపు తీస్తారు. క్యాలెండరు చూసి ఒక టికెట్ కొనుక్కుని వెళ్లడం మేలు. "సీరియల్ టూరు" అని బస్సులో తిప్పేవాళ్లు దీన్ని చాలాసార్లు రోడ్డు మీంచే చూపిస్తారు.

బుల్లిపిట్ట
డాన్సు చేసే పాత హాలు ఏదైనా బతికుందా? చూడటానికి కాదు, చేయడానికి.

స్ప్రే_ఒడ్డు
క్లేర్షెన్స్ బాల్‌హౌస్, ఆగుస్ట్‌స్ట్రాసే 24. 1913లో తెరిచారు. పైన అద్దాల హాలు దశాబ్దాల పాటు తాళం వేసి ఉండటం వల్ల పగిలిన అద్దాలు, నల్లబడ్డ గిల్టు అలాగే మిగిలాయి. కింద భోజనం, కొన్ని రాత్రులు డాన్సు. పైహాలు పెళ్లిళ్లకి ఇచ్చేస్తుంటారు, వెళ్లే రోజు తెరిచి ఉందో లేదో రాసి కనుక్కోండి. ఇది గుమాస్తాలు, టైపిస్టులు, యుద్ధంలో మొగుళ్లు పోయిన ఆడవాళ్లు వచ్చిన హాలు, గొప్పోళ్లది కాదు. బస్సు గారికి కూడా నచ్చుతుంది.

మిగతా పెద్దవన్నీ పోయాయి. రెసి అని ఒకటుండేది, బల్ల బల్లకీ టెలిఫోను, గొట్టాల్లో గాలితో చీటీలు పంపుకునే ఏర్పాటు. అయిదో బల్ల మీదున్న అమ్మాయి నచ్చితే అయిదో నంబరు తిప్పడమే. పోట్స్‌డామర్‌ప్లాట్స్‌లో హౌస్ ఫాటెర్లాండ్, 1928లో కెంపిన్స్కీ వాళ్లది. ఒకే భవనంలో టర్కీ కేఫ్, వైల్డ్ వెస్ట్ బార్, రైన్ నది టెరస్. ఆ టెరస్‌లో గంటకోసారి లైట్లార్పి ఉరుములు, మెరుపులు, వాన తెప్పించేవారు. 1943లో కాలింది, మిగిలిన మొండిగోడల్ని 1976లో తీసేశారు. రచయితలు, కళాకారులు కూర్చునే రోమానిషెస్ కేఫ్ ఉన్న చోట ఇప్పుడు యూరోపా సెంటర్. గైడు పాత ఫొటోలు పెద్ద సైజులో తేకపోతే ఈ మూడు చోట్లా మీకు కనపడేది ట్రాఫికే. "ఫొటోలు తెస్తారా" అని ముందే అడగండి. మంచి గైడుకి ఫోల్డరు ఉంటుంది.

సంచారి_సుబ్బులు
తాగుబోతుల పాత అడ్డా ఒకటి ఏకంగా లేపి దాచిపెట్టారు, ఎవరూ చెప్పలేదేంటి? ములాక్‌రిట్సె, ములాక్‌స్ట్రాసే 15. దొంగల సంఘాల వాళ్లు, వేశ్యలు, నటులు, మగజంటలు, అందరూ కూర్చునే సారా కొట్టు. 1960ల్లో భవనం పడగొడుతుంటే షార్లొట్టె ఫోన్ మాల్స్‌డోర్ఫ్ దాని కౌంటరు, బల్లలు, కుర్చీలు అన్నీ కొనేసి తన పాత సామాన్ల మ్యూజియం నేలమాళిగలో బిగించుకుంది. ఎస్5లో మాల్స్‌డోర్ఫ్ దిగాలి, మధ్య బెర్లిన్ నుంచి అరగంట పైనే. వారమంతా తెరవరు, గైడుతోనే లోపలికి. ములాక్‌స్ట్రాసేలో ఇప్పుడు బట్టల బొటీకులు. రెండూ ఒకే రోజు చూస్తే ఊరు ఎంత మారిందో తెలుస్తుంది.

చార్మినార్_చౌరస్తా
గింత మాట్లాడిన్రు, మన హైదరాబాదోణ్ని ఒక్కరు గూడ యాద్ చేయలె. వీరేంద్రనాథ్ చట్టోపాధ్యాయ, సరోజినీ నాయుడు తమ్ముడు. 1880ల హైదరాబాదుల పుట్టిండు, నాయన అఘోరనాథ్ నిజాం కాలేజీ పెద్ద. బెర్లిన్ల అందరు చట్టో అని పిలిచేటోళ్లు. 1927 ఫిబ్రవరిల బ్రసెల్స్‌ల సామ్రాజ్యవాద వ్యతిరేక లీగు పెట్టిన్రు, నెహ్రూ గూడ పోయిండు. దాని ఆఫీసు బెర్లిన్ల ఫ్రీడ్రిష్‌స్ట్రాసే 24, నడిపించింది చట్టో. చైనా, ఇండోనేషియా, ఆఫ్రికా నుంచి వచ్చిన ఉద్యమకారులకు గది అడ్డా. నాజీల గాలి పెరుగుతుంటే 1931ల మాస్కో పోయిండు. ఆడ స్టాలిన్ మనుషులు 1937 సెప్టెంబరు 2న కాల్చేసిన్రు.

పాతపటం అన్న చెప్పిన లెక్కన నంబరు 24 ఏడ తగుల్తది?

పాతపటం
దక్షిణం చివర, మేరింగ్‌ప్లాట్స్ నుంచి నంబర్లు మొదలవుతాయి కాబట్టి చెక్‌పాయింట్ చార్లీకి ఇవతలే, క్రాయిట్స్‌బెర్గ్ వైపు. యూ6లో హాలెషెస్ టోర్ దిగి ఉత్తరానికి నడవండి. 1945 ఫిబ్రవరి బాంబింగులో ఆ ప్రాంతం దాదాపు తుడిచిపెట్టుకుపోయింది, పాత ఇల్లు ఆశించొద్దు. అయినా నిలబడి చూడాల్సిన చోటే. ఇదే వీధిలో రెండు కిలోమీటర్ల లోపు, 101లో అడ్మిరల్స్‌పలాస్ట్ ఉంది, ఇరవైల్లో హాలర్ రెవ్యూలు ఆడిన చోటు. ఆ థియేటరు ఇప్పటికీ నడుస్తోంది. కాళ్లు ఎగరేసే నాట్యకత్తెల వరసా, వలసలకి స్వాతంత్ర్యం అడిగే ఆఫీసూ ఒకే వీధిలో. ఓరుగల్లు గారు మొదట అడిగింది ఇదే కదా.

చార్మినార్_చౌరస్తా
గట్లనే జాకిర్ హుసేన్ సాబ్. ఆయన గూడ హైదరాబాదుల పుట్టినోడే, 1897ల. 1922ల బెర్లిన్ పోయి 1926ల డాక్టరేట్ తీస్కున్నడు. ఆడ ఉన్నప్పుడే కావియానీ ప్రెస్సుల గాలిబ్ దీవాన్ అచ్చు కొట్టించిండు. ఆ యూనివర్సిటీ ఇప్పటి హుంబోల్ట్, ఉంటర్ డెన్ లిండెన్ మీద. దానికి ఎదురుంగనే పుస్తకాలు కాలబెట్టిన చౌరస్తా. రోడ్డు దాటుడే.

వాల్తేరు_అల
మా ఊరి లెక్క కూడా రాసుకోండి మరి. దేవికా రాణి పుట్టింది వాల్తేరులో, 1908లో. హిమాంశు రాయ్‌ని పెళ్లాడాక ఇద్దరూ బెర్లిన్ పక్కన నాయ్‌బాబెల్స్‌బెర్గ్ ఊఫా స్టూడియోలో పని నేర్చుకున్నారు. బాంబే టాకీస్‌లో జర్మన్ దర్శకుడు, జర్మన్ కెమెరా ఎక్కణ్నుంచొచ్చాయో అందరికీ తెలిసిందే. స్టూడియో ఇప్పటికీ ఉంది, 1926లో కట్టిన పెద్ద షూటింగ్ హాలుకి ఇప్పుడు మార్లీన్ డీట్రిష్ పేరు. పక్కన ఫిల్మ్‌పార్క్ చలికాలం మూసేస్తారు, అక్టోబరు చివర వెళ్తే తారీఖులు చూసుకోండి. టికెట్ సి జోన్‌ది కావాలి, మామూలు ఏబీ టికెట్ పనికిరాదు.

రైలుగేటు
జోన్ మాటొచ్చింది కాబట్టి: కాగితం టికెట్ కొంటే ప్లాట్‌ఫారం మీదున్న చిన్న పెట్టెలో పెట్టి ముద్ర వేయించాలి. వేయించకపోతే టికెట్ ఉన్నా లేనట్టే, 60 యూరోలు ఫైను. మామూలు బట్టల్లో ఉన్న చెకర్లు బండి కదిలాక బయటపడతారు. ఫోన్లో కొన్నదానికి ముద్ర అక్కర్లేదు, ఎక్కేముందు కొని ఉండాలి అంతే.

ఓరుగల్లు_కోట
హిర్ష్‌ఫెల్డ్ సంస్థ చూడొచ్చా? రాత్రి జీవితం గురించి చదివిన ప్రతి చోటా ఆ పేరొస్తోంది.

స్ప్రే_ఒడ్డు
భవనం లేదు. డాక్టర్ హిర్ష్‌ఫెల్డ్ 1919 జులై 6న టీయర్‌గార్టెన్‌లో తెరిచాడు. లైంగిక విజ్ఞానానికి ఒక పూర్తి సంస్థ: వైద్యం, కుటుంబ నియంత్రణ సలహా, లైబ్రరీ, మ్యూజియం. మగవాళ్ల మధ్య సంబంధాల్ని నేరం చేసే 175వ సెక్షను ఎత్తేయాలని పోరాటం. ఆడవేషం, మగవేషం వేసుకునేవాళ్లని పోలీసులు పట్టుకోకుండా ఈయన వైద్య నివేదిక మీద పోలీసు శాఖే అనుమతి చీటీ ఇచ్చేది. 1931లో ఇండియా కూడా వచ్చాడు. 1933 మే 6న నాజీ విద్యార్థులు సంస్థ మీద పడ్డారు, మే 10న ఆ పుస్తకాలు తగలబెట్టారు. ఆయన దేశం బయట ఉన్నాడు, 1935లో నీస్‌లో పోయాడు.

ఇప్పుడు హౌస్ డెర్ కుల్టూరెన్ డెర్ వెల్ట్ దగ్గర, స్ప్రే నది గట్టుకి ఆయన పేరు. 2017లో ఆరు పెద్ద రంగురంగుల కల్లా పూల శిల్పాలు పెట్టారు. ఎదురుగా ఛాన్సలర్ ఆఫీసు. అక్కణ్నుంచి పార్లమెంటు భవనం రైష్‌స్టాగ్, తర్వాత పుస్తకాలు తగలబెట్టిన బేబెల్‌ప్లాట్స్ దాకా నడవొచ్చు, రెండు కిలోమీటర్ల పైచిలుకు. బేబెల్‌ప్లాట్స్‌లో నేలలో గాజు పలక ఉంటుంది, కింద 20,000 పుస్తకాలు పట్టే ఖాళీ అరలు, మిహా ఉల్మన్ చేసింది. పగలు ఎండలో గాజు మీద ఆకాశమే కనపడుతుంది, చీకటి పడ్డాక లోపలి వెలుతురులో అరలు తేటగా తెలుస్తాయి. కాబట్టి ఈ నడక చివర అక్కడికి సాయంత్రం చేరేలా పెట్టుకోండి.

సంచారి_సుబ్బులు
ఆ చీకటి మాట టూర్లన్నిటికీ వర్తిస్తుంది. జూన్‌లో తొమ్మిదిన్నర దాకా వెలుతురే, "నైట్ టూర్" అని ఏడింటికి మొదలుపెడితే ఎండలో తిప్పుతారు. అక్టోబరు చివర గడియారం వెనక్కి తిప్పాక అయిదింటికే చీకటి. నోలెండోర్ఫ్‌ప్లాట్స్ స్టేషన్ గుమ్మటం మీద రంగుల దీపాలు, దక్షిణం గోడకి నాజీలు చంపిన స్వలింగ సంపర్కుల స్మారక త్రికోణం, 1989ది. చాలామంది పక్కనుంచే వెళ్లిపోతారు.

రైలుగేటు
"ఉచిత టూరు" మంచిదేనా?

సంచారి_సుబ్బులు
ఉచితం కాదు, టిప్పు మీద నడుస్తుంది. చాలా చోట్ల గైడు తలకింత అని ఏజెన్సీకి కట్టాలి, అందుకే 30 మందిని పోగేస్తారు. ఈ విషయానికి అది పనికిరాదు, వెనక వరసకి మాట వినపడదు. 12 మంది దాటని టూరు చూడండి. బెర్లిన్‌లో గైడుకి ప్రభుత్వ లైసెన్సు అంటూ లేదు, ఎవరైనా టూరు పెట్టొచ్చు. కాబట్టి మెయిలు పెట్టి రెండు ప్రశ్నలు అడగండి: "1932 జులై 20 గురించి చెప్తారా?" "ఎక్కడ ఆగుతారు?" జవాబులోనే మనిషి తెలిసిపోతాడు. ప్రైవేటుగా మాట్లాడుకుంటే కోరిన చోటికి మార్చుకోవచ్చు కూడా.

బెజవాడ_బస్సు
ఇంకోటి. వేషాల టూరుకి వెళ్లేవాళ్లు సరదాకైనా నాజీ సెల్యూట్ పెట్టి ఫొటో దిగొద్దు. జర్మనీలో అది నేరం, టూరిస్టుల మీద కూడా కేసులు పెట్టారు. అలాగే నోలెండోర్ఫ్‌స్ట్రాసే 17లో జనం కాపురాలుంటున్నారు. గోడ మీద ఫలకం చూసి రండి, తలుపు తెరిచుందని లోపలికి పోవద్దు.

పాతపటం
ఇంతవరకూ వచ్చినవి కలిపితే ఇలా పడుతుంది:

టోపోగ్రఫీ ఆఫ్ టెర్రర్ అని నాజీల అణచివేత మీద మ్యూజియం ఉంది, ఉచితం. కానీ అది 1933 తర్వాతి కథ ఎక్కువ చెప్తుంది, కాబట్టి ముందు కాదు, చివరి రోజుకి తోసేయండి. మొదటి రోజు షోనెబెర్గ్ చిన్న గుంపు టూరు, రెండున్నర గంటలు.
రెండో రోజు పొద్దున్నే ఫ్రీడ్రిష్‌స్ట్రాసే దక్షిణం నుంచి ఉత్తరానికి, 24 నుంచి 101 దాకా. అక్కణ్నుంచి నది దాటితే షిఫ్‌బావర్‌డామ్ థియేటరు, 1928 ఆగస్టు 31న బ్రెష్ట్, వైల్‌ల సంగీత నాటకం "త్రీ పెన్నీ ఒపెరా" మొదలైన చోటు. సాయంత్రం బేబెల్‌ప్లాట్స్.
మూడో రోజు ములాక్‌స్ట్రాసే, ఆల్మ్‌స్టాట్‌స్ట్రాసే, రోజా-లక్సెంబర్గ్-ప్లాట్స్, రాత్రి బాబిలోన్.

బెజవాడ_బస్సు
ఆల్మ్‌స్టాట్‌స్ట్రాసేలో 1923 నవంబరు 5 చెప్పే గైడుని పెట్టుకోండి. రొట్టె ధర చుక్కల్లో ఉంది, నిరుద్యోగ భృతి డబ్బు లేదు, ఎవడో పుకారు పుట్టించాడు తూర్పు యూదులే కాజేశారని. గుంపు వచ్చి దుకాణాలు దోచింది, మనుషుల్ని కొట్టింది. హిట్లర్ మ్యూనిక్ తిరుగుబాటుకి మూడు రోజుల ముందు ఇది. నాలుగో రోజు వెడ్డింగ్ పెట్టండి.

స్ప్రే_ఒడ్డు
నాలుగో రోజు పొద్దున పాపెస్ట్రాసే పెట్టమంటా, వెడ్డింగ్ మధ్యాహ్నం. జ్యూడ్‌క్రాయిట్స్ స్టేషన్ నుంచి పది నిమిషాల నడక, వెర్నర్-ఫోస్-డామ్ 54ఏ. 1933 మార్చి నుంచి డిసెంబరు దాకా నాజీ దళాలు వాడిన జైలు, నేలమాళిగ గదులు ఉన్నవి ఉన్నట్టే. వారానికి కొన్ని రోజులే తెరుస్తారు, ప్రవేశం ఉచితం. ఖైదీల్లో పార్టీవాళ్లు, యూనియన్ వాళ్లు, వకీళ్లు, డాక్టర్లు, యూదులు అందరూ ఉన్నారు. అది చూశాకే టోపోగ్రఫీకి వెళ్లండి, టైముంటే.

బెజవాడ_బస్సు
దానికి ఒప్పుకుంటా.

ఓరుగల్లు_కోట
రాసుకున్నా. ఫ్రీడ్రిష్‌స్ట్రాసే 24 ముందు ఫొటో దిగి చౌరస్తా అన్నకి పంపుతా. రైష్‌స్టాగ్ గుమ్మటం ఎక్కాలంటే?

రైలుగేటు
ఉచితమే, కానీ పార్లమెంటు సైటులో పేర్లు, పుట్టిన తేదీలతో ముందే నమోదు చేసుకోవాలి. పాస్‌పోర్టు వెంట ఉండాలి. ఖాళీలు తొందరగా అయిపోతాయి, ఇవాళే చూడండి. సాయంత్రం స్లాటు దొరికితే బేబెల్‌ప్లాట్స్ నడక దాని తర్వాత పెట్టుకోండి.